వెంకూబాయి నొప్పుల సంగతి ఎవరడిగారు?

(మూసాపేటలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక గొప్ప నటి జీవితం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఎవరి గురించి చెప్పమంటారు, సావిత్రి గురించా, భానుమతి గురించా అని అడిగాను. మీ ఇష్టం అన్నారు. మూసాపేటలో మాట్లాడుతున్నాను కదా అని ఆలోచిస్తే నాకు సురభి కమలాబాయి గుర్తొచ్చారు. ఎందుకో చెబుతాను. ఇక్కడికి దగ్గరలోనే భరత్‌నగర్ స్టేషన్ ఉంది. అక్కడ ఎంఎంటీఎస్ ఎక్కితే హైటెక్ సిటీ, హఫీజ్‌పేట దాటి చివర లింగంపల్లిలో దిగుతాం. ఆ పక్కనే సురభి కాలనీ ఉంది. తరతరాలుగా నాటకమే బతుకుగా ఉన్న కుటుంబాలు అక్కడ ఉంటున్నాయి. మీలో చాలామంది రోజూ ఆ రైల్లోనే అద్దాల మేడల్లో పనికి వెళ్ళి వస్తుంటారు. తెలుగు సినిమా మొదటి కథానాయిక ఆ కుటుంబాల్లోంచే వచ్చిందని మాత్రం మనలో చాలామందికి తెలియదు.

తెలిసిన కొద్దిమందికి కూడా ఆమె గురించి తెలిసేది ఒకే ఒక కథ. ఈ రోజు ఆ కథనే కొంచెం నిదానంగా విప్పి చూద్దామనుకుంటున్నాను.

కథ ఇది. 1907లో సురభి వారి నాటకం జరుగుతోంది. వెంకూబాయి అనే నటి దమయంతి వేషంలో ఉంది. ఆమెకు నెలలు నిండాయి. నాటకం నడుస్తుండగానే నొప్పులు వచ్చాయి. అక్కడే ప్రసవం అయింది. వేదిక మీదే అని కొందరు, తెర వెనక అని కొందరు చెబుతారు. పుట్టిన బిడ్డే కమలాబాయి. "రంగస్థలం మీద పుట్టిన నటి" అని ఆమెను ఎప్పుడు తలచుకున్నా ఈ ముచ్చటతోనే మొదలుపెడతారు. నేనూ చిన్నప్పుడు ఇలాగే విన్నాను, అబ్బురపడ్డాను.

పరిశోధనలో పడ్డాక ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. నెలలు నిండిన మనిషి ఆ రాత్రి వేషం ఎందుకు కట్టింది? ఆమె బదులు వేసేవాళ్ళు లేరా? వెయ్యనంటే ఆ రాత్రి ఆట ఆగిపోతుందా? ఆట ఆగితే మర్నాడు పొయ్యి వెలగదా? ప్రసవమయ్యాక ఎన్నాళ్ళకు మళ్ళీ ముఖానికి రంగు పూసుకుంది? ఈ ప్రశ్నలు ఎవరూ అడిగినట్టు లేదు. కథలో బిడ్డ ఉంది, నాటకం ఉంది, ఆశ్చర్యపోయే ప్రేక్షకులు ఉన్నారు. నొప్పులు పడిన ఆడమనిషి మాత్రం దమయంతి వేషంలోనే ఉండిపోయింది.

మరో సంగతి కూడా చూడండి. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని ఎన్నో ఏళ్ళు నమ్మాం. కాదు, 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైందని పరిశోధకులు రెంటాల జయదేవ ఆధారాలతో చూపించారు. మంచి పని, చరిత్రకు అవసరమైన పని. అయిదు నెలల తేడా తేల్చడానికి పెట్టిన ఈ శ్రద్ధలో కొంతైనా వెంకూబాయి లాంటి స్త్రీల మీద పెడితే మన కళల చరిత్ర ఎంత మారిపోయి ఉండేదో ఊహించండి.

అసలు ఆడవాళ్ళు వేదిక ఎక్కడమే తప్పని అనుకున్న కాలం అది. పెద్ద నాటక సమాజాల్లో స్త్రీ పాత్రలు మగవాళ్ళే వేసేవారు. స్థానం నరసింహారావు గారు సత్యభామగా, రోషనారాగా ఆంధ్రదేశాన్ని ఉర్రూతలూగించారు. 1956లో పద్మశ్రీ కూడా అందుకున్నారు. ఆయన ప్రతిభను నేను తక్కువ చేయడం లేదు. మగవాడు ఆడవేషం వేస్తే కళ, ఆడది ఆడవేషం వేస్తే బరితెగింపు అనుకున్న సమాజం గురించి మాట్లాడుతున్నాను. వేదిక మీద ఆడదాని నడక, సిగ్గు, కోపం అన్నీ కావాలి. ఆ నడకా ఆ కోపమూ ఉన్న ఆడది మాత్రం ఇంట్లో ఉండాలి. అప్పట్లో ఆడీ పాడీ బతకగలిగిన స్త్రీలు ఎక్కువగా కళావంతుల కుటుంబాల వాళ్ళు. వాళ్ళ విద్యను మెచ్చుకున్న నోటితోనే వాళ్ళను తూలనాడారు.

ఈ పరిస్థితిలో సురభి వారు వేరే దారి పట్టారు. వీరి పూర్వీకులు మహారాష్ట్ర ప్రాంతం నుంచి వచ్చిన తోలుబొమ్మలాట కళాకారులు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారి పూనికతో 'కీచక వధ' ఆడారు. ఆ ఊరి పేరే సమాజం పేరయింది. స్త్రీ పాత్రలను స్త్రీలే వేయడం వీరి ప్రత్యేకత. తోలుబొమ్మలాటలో ఆడ బొమ్మలకు ఇంటి ఆడవాళ్ళు గొంతునివ్వడం మామూలే. దీపం వెనక కూర్చుని సీతకు గొంతు ఇచ్చినవాళ్ళే తర్వాత సీతగా ముందుకు వచ్చారు. తెలుగు స్త్రీల చరిత్రలో ఇది చిన్న అడుగేం కాదు. ఏ సంఘ సంస్కర్తా ప్రసంగాలు చెయ్యకుండా, బతుకుతెరువు కోసం పడిన అడుగు.

అయితే ఆ అడుగు ఎలా సాధ్యపడిందో కూడా మనం చూడాలి. సురభి స్త్రీలు వేదిక ఎక్కింది తండ్రితో, భర్తతో, అన్నదమ్ములతో కలిసి. సమాజమంటే కుటుంబమే. పక్కన రాముడి వేషం వేసేది భర్తో బావో. దీనివల్ల బయటి లోకం వేసే నిందల నుంచి వాళ్ళకు కొంత రక్షణ దొరికింది. పరాయి మగవాడి కింద పనిచేసే ఆడదానికి ఉండే భయాలు కొన్ని తప్పాయి. కుటుంబమే రంగస్థలం కావడంలో ఉన్న మేలు ఇది.

ఇందులోనే చిక్కు కూడా ఉంది. మనం శ్రమ విభజన గురించి మాట్లాడుకునేటప్పుడు ఇంటిపని, బయటిపని అని రెండుగా విడదీస్తాం. సురభి స్త్రీకి ఆ రెండింటి మధ్య గోడే లేదు. పగలు వంట, పిల్లలు, బట్టలు, కొత్త ఊరికి మకాం. రాత్రి ద్రౌపది. తెర వెనక పిల్లకు పాలిచ్చి, తెర ముందుకు వచ్చి పద్యం ఎత్తుకోవాలి. ఇదంతా ఇంటి పనే అయినప్పుడు ఆడదానికి విడిగా జీతం అనే మాట ఎక్కడ పుడుతుంది? సెలవు అనే మాట ఎవరిని అడుగుతుంది? యజమానీ మామగారూ ఒకరే అయినప్పుడు ఫిర్యాదు ఎవరికి చేస్తుంది? పొలంలో పనిచేసే రైతు భార్యను జనాభా లెక్కల్లో "గృహిణి" అని రాసుకున్నట్టే, వీళ్ళ పనీ కుటుంబం లెక్కలో కలిసిపోయింది.

వెంకూబాయి ఆ రాత్రి దమయంతి వేషం ఎందుకు వేసిందో ఇప్పుడు కొంత అర్థమవుతుంది. ఆమెను ఎవరో క్రూరంగా తోసి ఉంటారని నేను అనడం లేదు. బహుశా ఆమే వేస్తానని ఉంటుంది. బిడ్డ కడుపులో ఉండగా వేషం మానుకునే వీలున్న జీవితం ఆమెకు ఉందా అన్నదే నా ప్రశ్న.

కమలాబాయి చిన్నప్పుడే కృష్ణుడు, ప్రహ్లాదుడు లాంటి బాల పాత్రలు వేసింది. పెద్దయ్యాక కథానాయిక అయింది. బొంబాయిలో అర్దేషిర్ ఇరానీ 1931 మార్చిలో 'ఆలం ఆరా' విడుదల చేశాక తెలుగులో మాట్లాడే సినిమా తీయాలనుకున్నారు. దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి. కథ ధర్మవరం రామకృష్ణమాచార్యుల ప్రహ్లాద నాటకం. సురభి వారు ఆడుతున్న నాటకమే కాబట్టి నటులనూ అక్కడి నుంచే తీసుకెళ్ళారు. మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడు, కమలాబాయి లీలావతి. ఆ తర్వాత 1932లోనే 'పాదుకా పట్టాభిషేకం'లో సీతగా, 'శకుంతల'లో శకుంతలగా నటించింది. బొంబాయిలో కొన్నేళ్ళు ఉండి పనిచేసింది.

ఆ రోజుల్లో సినిమా నటన అంటే ఏమిటో ఒక్కమాట చెప్పాలి. నేపథ్య గానం ఇంకా రాలేదు. వెనక ఎవరో పాడితే పెదవులు కదిపితే సరిపోయేది కాదు. కెమెరా ముందు నటిస్తూనే, అక్కడే మైకుకు అందేలా తన గొంతుతో పాడాలి. తప్పు పోతే మొదటి నుంచీ మళ్ళీ మొదలు. బయలు వేదికల మీద మైకు లేకుండా చివరి వరుస దాకా వినిపించేలా పద్యం పాడిన స్త్రీకి ఇప్పుడు గొంతు తగ్గించి పాడే విద్య కొత్తగా నేర్చుకోవలసి వచ్చి ఉంటుంది. పరాయి నగరంలో, మగవాళ్ళే నిండిన స్టూడియోలో, పాతికేళ్ళ వయసులో ఒక తెలుగు స్త్రీ ఇంత పని చేసింది. తల్లి చేసిన పని కుటుంబం లెక్కలో కలిసిపోయింది. కూతురి పనిని సినిమా కంపెనీ విడిగా లెక్క కట్టి తీసుకుంది. ఆ ఒక్క మార్పు చాలా పెద్దది.

'భక్త ప్రహ్లాద' ప్రతి ఒక్కటి కూడా ఇప్పుడు మిగల్లేదు. మన మొదటి కథానాయిక మొదటి సినిమాలో ఎలా ఉందో చూసే అవకాశం మనకు లేదు. ఆమెను చూడాలంటే 1951లో వచ్చిన 'పాతాళ భైరవి' చూడాలి. తోట రాముడి తల్లి ఆమే. అప్పటికి ఆమె వయసు నలభై నాలుగు. నాకిప్పుడు దాదాపు అదే వయసు. కథానాయిక కాస్త వయసు పైబడగానే తల్లి అయిపోవడం, కథానాయకుడు మాత్రం ఏళ్ళ తరబడి కథానాయకుడుగానే ఉండడం అప్పుడే మొదలైంది. ఇప్పటికీ పెద్దగా మారలేదు. ఈసారి ఆ సినిమా చూసినప్పుడు ఆ తల్లిని కాస్త చూడండి. తెలుగు తెర మీద మొదటి నాయిక మీకు కనిపిస్తుంది.

ఇక్కడ ఇంకో విషయం గమనించాను. తల్లి వెంకూబాయి వేసింది అడవిలో భర్త వదిలేసి వెళ్ళిన దమయంతి. కూతురు వేసిన లీలావతి కడుపుతో ఉండి నారదుడి బోధ విన్న తల్లి. శకుంతల నిండు కడుపుతో సభలో నిలబడి, నువ్వెవరో నాకు తెలియదని భర్త చేత అనిపించుకున్న స్త్రీ. మన పురాణాల నిండా, నాటకాల నిండా గర్భవతులున్నారు. వాళ్ళు ఏడిస్తే ప్రేక్షకులు కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆ పాత్రలు వేసిన స్త్రీ నిజంగా కడుపుతో ఉంటే ఏం చెయ్యాలో మాత్రం ఎవరికీ పట్టలేదు.

ఇందులో నా సొంత అనుభవం కూడా ఒకటి ఉంది. నా డాక్టరేట్ పూర్తికాక ముందు ఒక ప్రైవేటు కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెప్పేదాన్ని. తొమ్మిదో నెల దాకా నిలబడి క్లాసులు తీసుకున్నాను. సెలవు పెడితే డబ్బు రాదు, ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. స్టాఫ్ రూములో అందరూ "ఎంత అంకితభావం!" అని మెచ్చుకున్నారు. బిడ్డకు మూడో నెల వచ్చాక వెళితే నా క్లాసులు వేరొకరికి ఇచ్చేశారు. అప్పటి నుంచీ ఆడవాళ్ళను అంకితభావం అని పొగిడినప్పుడల్లా నాకు వెంకూబాయి గుర్తొస్తుంది. హక్కు ఇవ్వాల్సిన చోట పొగడ్త ఇస్తున్నారేమో అని అనుమానం వస్తుంది.

చట్టం ఏమంటుందో చూద్దాం. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం ఫ్యాక్టరీలు, గనులు, తోటలకు వర్తించేదని మనకు తెలుసు. గుర్రపు విన్యాసాలు, కసరత్తులు, ఇతర ప్రదర్శనలు ఇచ్చే సంస్థలను కూడా అందులో చేర్చారన్నది ఎక్కువమందికి తెలియదు. అంటే ప్రదర్శన కూడా పనే, ప్రదర్శించే స్త్రీ కూడా కార్మికురాలే అని చట్టం ఒప్పుకుంది. 2017లో సెలవును 26 వారాలకు పెంచారు. 2020 సామాజిక భద్రతా కోడ్‌లో ఈ చట్టాన్ని కలిపేశారు. కానీ ఇవన్నీ యజమాని, ఉద్యోగి అని విడిగా కనిపించే చోట పనిచేసే నియమాలు. కుటుంబమే సమాజమైన చోట, రోజు కూలికి షూటింగుకు వెళ్ళే చోట, ఇళ్ళల్లో పాత్రలు తోమే చోట యజమాని ఎవరో చూపించడమే కష్టం. కమలాబాయి కథ ఇక్కడే మీ కథతో కలుస్తుంది. ఈ చుట్టుపక్కల మేడలు కట్టిన స్త్రీలు పసిబిడ్డలను ఇసుక కుప్పల పక్కన పడుకోబెట్టి తట్టలు మోశారు. యాభై మందికి పైగా స్త్రీలు పనిచేసే చోట పిల్లలకు గది ఉండాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం చెప్పింది. మీరు ఎన్ని చోట్ల ఆ గది చూశారు?

రక్షణ సంగతి కూడా అంతే. మలయాళ సినిమా రంగంపై జస్టిస్ హేమ కమిటీ నివేదిక 2024 ఆగస్టులో బయటికి వచ్చింది. లైంగిక వేధింపులతో పాటు, షూటింగ్ స్థలాల్లో మరుగుదొడ్డి లేక, బట్టలు మార్చుకునే చోటు లేక స్త్రీలు పడుతున్న అవస్థలను కూడా అది రాసింది. ఆ వెంటనే, తెలంగాణలో సబ్‌కమిటీ ఇచ్చిన నివేదికను కూడా బయటపెట్టాలని నటి సమంత బహిరంగంగా కోరారు. పేరున్న నటి అడిగితే వార్త అయింది. కృష్ణానగర్ గదుల్లో ఉండి రోజు వేషాలకు వెళ్ళే జూనియర్ ఆర్టిస్టు అడిగితే మర్నాడు పిలుపు రాదు. పదిమంది కంటే తక్కువ ఉన్న పనిచోట్ల నుంచి వచ్చే ఫిర్యాదుల కోసం జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. ఇళ్ళల్లో పనిచేసే స్త్రీలకూ అదే ఆధారం. మన జిల్లా కమిటీలో ఎవరున్నారో, ఎక్కడ కూర్చుంటారో ఈ గదిలో ఎంతమందికి తెలుసు? నేనూ వాకబు చేసేదాకా తెలుసుకోలేదు. తప్పు ఒప్పుకుంటున్నాను.

సురభి సమాజాలు ఒకప్పుడు పదుల సంఖ్యలో ఉండేవి. ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వాళ్ళ 'మాయాబజార్' చూసి ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరి వెళుతుంటే మనం చప్పట్లు కొడతాం. 2013లో సురభి నాగేశ్వరరావు గారికి, బాబ్జీ గారని అందరూ పిలిచే ఆయనకు, పద్మశ్రీ వచ్చింది. ఆ గౌరవం మొత్తం సురభికి దక్కినట్టే అని సంతోషించాం. ఆయన 2022లో కన్నుమూశారు. సమాజాలను నడిపిన పురుషుల పేర్లు మనకు వరసగా తెలుసు. ఆ సమాజాల్లో రాత్రి వేషం వేసి, పగలు వండి పెట్టి, మధ్యలో బిడ్డలను కన్న స్త్రీల పేర్లు పది చెప్పమంటే నేనే తడబడతాను. కమలాబాయి పేరు మిగిలింది సినిమా వల్ల. వెంకూబాయి పేరు మిగిలింది ఒక్క ప్రసవం వల్ల. మిగిలినవాళ్ళ పేర్లు మిగలడానికి ఏ ప్రమాదమో, ఏ వింతో జరగాలా?

1986లో స్త్రీశక్తి సంఘటన వారు 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు మన పద్ధతి ఒకటి ఏర్పడింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీల దగ్గర కూర్చుని, వాళ్ళ మాటల్లోనే విన్నారు. తుపాకీ పట్టిన స్త్రీలను కూడా ఏమడిగారు? పిల్లలను ఎక్కడ వదిలారు, నెలసరి వస్తే ఏం చేశారు, తిరిగి వచ్చాక ఇల్లు ఎలా చూసింది అని అడిగారు. అదే పని ఇప్పుడు మన పక్కనున్న రంగస్థల స్త్రీల దగ్గర చేయవలసి ఉంది. పెద్దవాళ్ళు ఉన్నప్పుడే చేయాలి.

మీకు మూడు పనులు అప్పజెప్పి ముగిస్తాను.

మొదటిది, ఈ మూడు నెలల్లో మీలో నలుగురైనా నాతో లింగంపల్లి రండి. నాటకం చూడడానికి మాత్రమే వద్దు. అక్కడి పెద్ద ఆడవాళ్ళు ఒప్పుకుంటే, వాళ్ళ తీరిక వేళ కూర్చుని విందాం. ఏ వేషాలు వేశారు, డబ్బు ఎవరి చేతికి వచ్చేది, పురుడు పోసుకున్న ఎన్నో రోజున మళ్ళీ వేదిక ఎక్కారు అని అడుగుదాం. వాళ్ళు చెప్పనిది మనం రాయవద్దు.

రెండోది, కళాకారుల గుర్తింపు కార్డు గానీ పింఛను గానీ కుటుంబ పెద్ద పేరున కాకుండా వేషం వేసిన స్త్రీ పేరున విడిగా ఉండాలని అడుగుదాం. ప్రసూతి సహాయం యజమానిని చూపించగలిగినవాళ్ళకే కాక, పని చేశానని చూపించగలిగిన ప్రతి స్త్రీకీ అందాలని అడుగుదాం. ఈ కోరిక నటికి ఎంతో, ఇళ్ళల్లో పనిచేసే అక్కకూ అంతే. విడివిడిగా అడిగేకన్నా కలిసి అడగడం మంచిది.

మూడోది, మన జిల్లా స్థానిక కమిటీ వివరాలు కనుక్కుని, బస్తీల్లోనూ జూనియర్ ఆర్టిస్టులు ఉండే చోట్లా తెలుగులో, ఉర్దూలో గోడల మీద పెడదాం.

ఇంకొక్క మాట. సురభి కమలాబాయి వేదిక మీద పుట్టిందట అని ఇకపై ఎవరైనా మీకు చెబితే కథను ఆపకండి. మంచి కథే. విన్నాక, "మరి వాళ్ళమ్మకు ఎన్నాళ్ళు సెలవిచ్చారు?" అని ఒక్క ప్రశ్న అడగండి.